వాలుగ మొప్ప నుంచి దుప్పి పెంటిక దాకా: మన వన్యజీవుల్లో చదును పురుగుల సర్వే ఎలా చేయాలి?

చెరువుగట్టు:
హైదరాబాద్ చుట్టుపక్కల మూడు చెరువుల్లో ఏడాది పాటు చదును పురుగుల (ఫ్లాట్‌వార్మ్స్, అంటే చేపలు, జంతువుల ఒంట్లో బతికే పరాన్నజీవుల) సర్వే చేయాలని ప్లాన్. చేపలు ముఖ్యం. కుదిరితే కప్పలు, కొంగలు, ఒడ్డున మేసే జంతువుల పెంటికలు కూడా. ఒక డిసెక్టింగ్ మైక్రోస్కోపు, ఆయిల్ లెన్సు ఉన్న కాంపౌండ్ మైక్రోస్కోపు ఉన్నాయి. డీఎన్ఏ పని బయట ఇవ్వాలి. ప్రశ్నలు మూడు. ఏ చేప, ఎన్ని? ఫార్మలినా, ఆల్కహాలా? వాలుగ పేగులో ఉండే గాంజీసియా అనే బద్దెపురుగుకే పాత పేపర్లలో డజన్ల కొద్దీ జాతుల పేర్లున్నాయి, వాటితో ఎలా పోల్చుకోవాలి?

నత్తగుల్ల:
ముందు ఎన్ని అన్నది తేల్చుకోండి. ఒక పురుగు 10 శాతం చేపల్లో ఉందనుకుందాం. అది మీ కంట కనీసం ఒక్కసారైనా పడే అవకాశం 95 శాతం ఉండాలంటే 29 చేపలు చూడాలి. 5 శాతం చేపల్లోనే ఉంటే 59 చూడాలి. 0.9ని 29 సార్లు గుణిస్తే 0.05 కిందికి దిగుతుంది, లెక్క అంతే. పది చేపలే కోస్తే 10 శాతం పురుగు మీకు అసలు దొరక్కపోయే అవకాశం మూడో వంతు పైనే. అలాంటప్పుడు 'ఈ చెరువులో లేదు' అని రాయడానికి లేదు.

ఏ చేప అంటే, చదును పురుగుల మూడు తరగతులూ, అంటే మొప్పల పురుగులు, బద్దెపురుగులు, జలగలు, ఒక్క దానిలోనే చూడాలంటే వాలుగ. (ఇక్కడ జలగ అంటే రక్తం పీల్చే నీటి జలగ కాదు, ట్రెమటోడ్ లేదా ఫ్లూక్ అనే చదును పురుగు.) మొప్పల మీద థాపరోక్లైడస్, పేగులో గాంజీసియా, గాలితిత్తిలో ఐసోపారార్కిస్. ఈ చివరిది సెంటీమీటర్లలో ఉండే పెద్ద జలగ, కంటికే కనిపిస్తుంది. ఇబ్బంది ఏంటంటే వాలుగ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ముప్పులో ఉన్న (వల్నరబుల్) చేప. సర్వే పేరుతో 59 చంపడం నాకైతే సమ్మతం కాదు. మార్కెట్లో చేపలు కోసేవాళ్లతో మాట్లాడి ఒక్కో చేప మొప్పలు, పేగులు, గాలితిత్తి ఒక్కో కవర్లో వేయించుకోండి. ముందే చెప్పకపోతే అన్ని చేపల పేగులూ ఒకే బకెట్లో పడతాయి. అప్పుడు ఏ పురుగు ఏ చేపదో తెలియదు, ఎన్ని చేపల్లో ఉందన్న లెక్కా పోతుంది.

రెండో చేప కొర్రమట్ట. పేగులో సెంగా అనే బద్దెపురుగు, మూత్రపిండాల్లో, కండలో యూక్లైనోస్టోమమ్ అనే జలగ తిత్తులు. ఆ తిత్తిలోది పిల్ల దశ, పెద్దది కొంగ గొంతులో ఉంటుంది. అంటే కొంగను ముట్టుకోకుండానే దాని పురుగుల్లో ఒకటి మీ లిస్టులోకి వస్తుంది.

కార్మైన్ ఎరుపు:
ఫార్మలినా ఆల్కహాలా అంటే రెండూ. కానీ ఏ ముక్క దేనిలోకి, ఏ వరుసలో అన్నదే అసలు సంగతి.

చేప కోసేటప్పుడు పళ్లెంలో 0.7 శాతం ఉప్పునీళ్లు పోయండి. పక్షి, క్షీరదం అయితే 0.85 నుంచి 0.9 శాతం. పంపు నీళ్లు పోస్తే పురుగు నీరు తాగి ఉబ్బి, చర్మం పగిలి, గుడ్లు బయటికి కక్కేస్తుంది. దొరికిన పురుగును మెత్తటి బ్రష్‌తో కడగాలి, ఫోర్సెప్స్ వద్దు. ఫోర్సెప్స్ గిచ్చిన చోటే రేపు మీకు ఓవరీ కనిపించదు.

జలగల విషయంలో వాచ్ గ్లాసులో పురుగు మునిగేంత ఉప్పునీళ్లు మాత్రమే ఉంచి, మరిగే దశకు దగ్గరగా వేడెక్కిన ఉప్పునీళ్లు ఒక్కసారిగా పోయాలి. పురుగు ముడుచుకునే లోపే సాగి చచ్చిపోతుంది. తర్వాత 80 శాతం ఆల్కహాల్లోకో, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్లోకో మార్చండి. చల్లటి ఫార్మలిన్లో బతికున్న పురుగును వేస్తే ముడుచుకుపోయి గుండీలా తయారవుతుంది. ఒకే చేపలోని ఒకే జాతి, ఒకటి 2 మిల్లీమీటర్లు, పక్కది 4. కొలతల పట్టికకు ఇక అర్థం ఉండదు.

బద్దెపురుగుకైతే ముందు తోక వైపు చిన్న ముక్క కోసి 95 శాతానికి తగ్గని ఆల్కహాల్లో వేయండి, అది డీఎన్ఏకి. మిగతాది వేడి 4 శాతం ఫార్మాల్డిహైడ్లో. షాపులో దొరికే ఫార్మలిన్ సుమారు 37 శాతం ఫార్మాల్డిహైడ్, అంటే దాన్ని పదింతలు చేస్తే వచ్చేదే ఈ 4 శాతం. ఈ రెండు అంకెలనీ కలగలిపి '4 శాతం ఫార్మలిన్' అని రాసిన పేపర్లు బోలెడు. వేడి ఫార్మలిన్ ఆవిరి కళ్లు మండిస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేకపోతే బాల్కనీలో చేయండి. బఫర్ మాత్రం మానొద్దు. ఆమ్లం తేలిన ఫార్మలిన్ బద్దెపురుగు ఒంట్లోని సున్నపు గుళికలను కరిగించేస్తుంది.

తల పేగు గోడలో ఇరుక్కుంటే లాగకండి. ఆ పేగు ముక్క కోసి ఉప్పునీళ్లలో పెడితే కాసేపటికి తనే వదులుతుంది. లేదంటే సూది మొనతో చుట్టూ గీకండి. తల లేని బద్దెపురుగుకు గుర్తింపు లేదు.

అద్దంపలక:
ఇదంతా సరే గానీ, పాత ప్రాక్టికల్ మాన్యువల్స్‌లో పురుగును రెండు స్లైడ్ల మధ్య పెట్టి దారం కట్టి ఫిక్సేటివ్‌లో (ఫార్మలిన్ లాంటి, పురుగు పాడవకుండా ఉంచే ద్రావణంలో) వేయమంటారు కదా? అలా నొక్కకపోతే లోపలి అవయవాలు ఎలా కనిపిస్తాయి?

కార్మైన్ ఎరుపు:
@అద్దంపలక నొక్కితే కనిపిస్తాయి, నిజమే. ఉన్న చోట మాత్రం కనిపించవు. నొక్కిన జలగ వెడల్పు పెరుగుతుంది, టెస్టిస్ పక్కలకి జరుగుతుంది, ఓవరీ దాని మీదికి ఎక్కుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో బలంతో నొక్కుతారు కదా. ఒకరికి 'టెస్టిస్ ఒకదాని వెనక ఒకటి', ఇంకొకరికి 'పక్కపక్కన', మరొకరికి 'ఏటవాలుగా'. ముగ్గురూ మూడు కొత్త జాతులు రాస్తారు.

@చెరువుగట్టు గారి మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. గాంజీసియా, దాని దగ్గరి ప్రజాతి సిలురోటీనియా కలిపి ఈ ప్రాంతం నుంచి రాసిన పేర్లు 48. 2012లో పాత టైప్ నమూనాలూ (జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన పురుగులు), భారత్, బంగ్లాదేశ్, కంబోడియా లాంటి చోట్ల కొత్తగా పట్టిన పురుగులూ కలిపి చూస్తే నిలబడినవి నాలుగే. మిగతావి చాలావరకు కుళ్లిన చేపలోంచి తీసినవీ, నొక్కినవీ, తల మీది ముళ్లు రాలినవీ. చచ్చిన గంటల తర్వాత ముళ్లు రాలడం మామూలే. రాలాక లెక్కపెట్టి 'ముళ్ల సంఖ్య తేడా' అంటే ఎలా?

కాబట్టి ఆ డజన్ల పేర్లతో పోల్చుతూ కూర్చోకండి. 2012 సవరణ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

పాతపుటలు:
వెనక్కి అంటే ఎంతవరకో నేను చెప్తాను. బద్దెపురుగులకు సౌత్‌వెల్ రాసిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా రెండు సంపుటాలు, 1930. తర్వాత లక్నోలో థాపర్, అలహాబాద్‌లో మెహ్రా, వాళ్ల శిష్యులు. థాపరోక్లైడస్ అనే పేరు ఆ థాపర్‌దే, 1952లో జైన్ పెట్టింది. ఇండియన్ జర్నల్ ఆఫ్ హెల్మింథాలజీ 1949లో మొదలైంది, చాలా వర్ణనలు అందులోనే ఉన్నాయి. మన ఊరి వరకు చూస్తే, హైదరాబాద్ రాష్ట్రంలోని సరీసృపాల జలగల మీద సింహా పేపర్ 1958లో జర్మన్ పత్రికలో వచ్చింది. బల్లులు, తాబేళ్ల జోలికి వెళ్లేవాళ్లకి అదే మొదటి మెట్టు. సముద్రపు చేపల జలగలకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మాధవి గారి దశాబ్దాల పని ఉంది. జలగల జీవిత చక్రాలు నత్త దగ్గర్నుంచి చివరిదాకా చూసి రాసినవాళ్లు మన దగ్గర తక్కువ, వారిలో ఆమె ఒకరు.

పాత వర్ణన చదివేటప్పుడు మూడే చూడండి. టైప్ నమూనా ఎక్కడ దాచారో రాశారా? ఎన్ని పురుగుల మీద కొలతలు? బొమ్మ నొక్కిన పురుగుదా? మొదటిదానికి 'రచయిత దగ్గర' అని ఉంటే ఆ స్లైడ్ ఇప్పుడు దొరకదనే అనుకోండి.

ఒక సరదా సంగతి. మనుషుల ఊపిరితిత్తుల్లో కనిపించే పారాగోనిమస్ వెస్టర్‌మానీని 1878లో కెర్బర్ట్ మొదట రాసింది పులి ఊపిరితిత్తి నుంచి. పేరేమో ఆమ్‌స్టర్‌డామ్ జూ డైరెక్టర్‌ది.

మొప్పలగిన్నె:
మోనోజీనియా, అదే థాపరోక్లైడస్ లాంటి మొప్పల పురుగులను ఎలా తీయాలో ఎవరూ ఎత్తలేదు. చేప చచ్చాక ముందు పోయేవి ఇవే. ఐసు పెట్టెలో రాత్రంతా ఉన్న చేప మొప్ప మీద వీటిని వెతకడం దండగ. ఉన్నా చర్మం ఊడి, ముళ్లు మాత్రమే మిగులుతాయి.

మొప్ప తీయగానే ఒక్కో కమాను వేరుచేసి, కుడి ఎడమ, ఒకటి నుంచి నాలుగు అని నంబరు వేసి పెట్టుకోండి. మొప్పలన్నీ సీసాలో వేసి 4000 భాగాల నీళ్లకు ఒక భాగం ఫార్మలిన్ పోయండి. అరగంట, గంటలో పురుగులు పట్టు వదిలి సాగి కింద పడతాయి. బాగా కుదిపి, మిగతా ఫార్మలిన్ కలిపి 10 శాతానికి తెచ్చుకోండి. అడుగున పడ్డ మడ్డినే డిసెక్టింగ్ మైక్రోస్కోపు కింద వెతకాలి. తీయాల్సింది సన్నటి సూదితో.

ఇక్కడ మాత్రం నొక్కాలి. @కార్మైన్ ఎరుపు గారు తిట్టుకోవద్దు. మోనోజీనియాను గుర్తించేది తోక పళ్లెం మీది ముళ్లతో, కొక్కేలతో. అవి గట్టివి, నొక్కినా ఆకారం మారదు. స్లైడ్ మీద చుక్క నీళ్లలో పురుగు, పైన కవర్ స్లిప్. ఒక అంచున ఫిల్టర్ పేపర్‌తో నీళ్లు పీలుస్తూ ఇంకో అంచున అమోనియం పిక్రేట్, గ్లిజరిన్ మిశ్రమం వదలండి. కొక్కేలు పసుపు నేల మీద గాజు గీతల్లా తేలతాయి. అప్పుడు ఆయిల్ లెన్సు. అంచులకు నెయిల్ పాలిష్. పిక్రేట్ పొడిగా ఎండితే పేలుడు పదార్థం, సీసా మూత చుట్టూ గడ్డకట్టనివ్వొద్దు.

కార్ప్ చేపల మొప్పల మీద ముందుగా ఎదురయ్యేది డాక్టిలోగైరస్. తల వైపు నాలుగు కంటి చుక్కలు, తోకన ఒక జత పెద్ద కొక్కేలు, అంచున 14 చిన్నవి, ఒంట్లో గుడ్డు. గైరోడాక్టిలస్‌కు కళ్లు లేవు, చిన్న కొక్కేలు 16, గుడ్డు బదులు లోపల పిల్ల. ఆ పిల్లకీ కొక్కేలు కనిపిస్తాయి, కాబట్టి లెక్కపెట్టేటప్పుడు తల్లివీ పిల్లవీ కలపకండి.

కార్మైన్ ఎరుపు:
తిట్టను. గట్టి భాగాలకు నొక్కిన పురుగు, మెత్తటి అవయవాలకు నొక్కనిది, రెండూ కావాలి. ఏది ఎలా తయారైందో లేబుల్ మీద రాస్తే చాలు.

రాజేంద్రనగర్ వెట్:
పెంటికల గురించి. ఎక్కువ మంది చేసే తప్పు ఒకటే, ఉప్పు ద్రావణంలో తేల్చే పద్ధతి. 1.20 సాంద్రత ఉన్న ఉప్పు నీళ్లలో గుండ్రటి పురుగుల గుడ్లు తేలతాయి. జలగ గుడ్డు బరువైంది, మూత ఉన్నది. చాలావరకు తేలదు, తేలినా నొక్కుకుపోతుంది. 'దుప్పుల్లో జలగలు లేవు' అని తేల్చే ముందు పద్ధతి ఏదో చూడండి.

జలగలకు అడుక్కి దింపే పద్ధతి వాడాలి. 3 గ్రాముల పెంటిక, 50 మి.లీ. నీళ్లు, బాగా నలిపి టీ వడకట్టుతో వడపోయండి. 5 నుంచి 7 నిమిషాలు కదపకుండా ఉంచి పైనీళ్లు వంచేయండి. మళ్లీ నీళ్లు, మళ్లీ వంచడం, పైనీళ్లు తేటపడేదాకా. చివర మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ. గడ్డి పోగులన్నీ నీలంగా మారతాయి. ఫాసియోలా (కాలేయపు జలగ) గుడ్డు బంగారు పసుపుగా ఎదురుగా నిలబడుతుంది. యాంఫిస్టోమ్ (పశువుల పొట్టలో ఉండే జలగ) గుడ్డుకు రంగుండదు, లేత బూడిద. మన మైదానాల్లో ఉండే ఫాసియోలా జైగాంటికా గుడ్డు 150 మైక్రాన్లు దాటి ఉంటుంది. పైనీళ్లు తొందరపడి వంచేస్తే గుడ్లు సింకులోకి పోతాయి, 5 నిమిషాలు గడియారం చూసే లెక్కపెట్టండి.

గుడ్డు చూసి యాంఫిస్టోమ్ అనొచ్చు గానీ, అందులో ఏ జాతో చెప్పొద్దు. చెరువు గట్టున గేదెలూ దుప్పులూ ఒకే గడ్డి మేస్తే వాటి జలగలూ ఒకటే కావచ్చు. అడవి జంతువులకే ప్రత్యేకమైనవి కావాలంటే ఏనుగులను చూడాలి. కాలేయంలో ఫాసియోలా జాక్సోనీ, రక్తనాళాల్లో బైవిటెల్లోబిల్హార్జియా నాయిరీ, ఇది 1945లో మద్రాసు వాళ్లు రాసింది. తెలంగాణలో ఆ అవకాశం లేదు లెండి.

పక్షుల గూళ్ల చెట్టు కింద రెట్ట ఏరితే ఏ కొంగదో తెలియదు. రెట్ట వేయడం కంటితో చూసినదే తీసుకోండి.

చెరువుగట్టు:
@రాజేంద్రనగర్ వెట్ ధన్యవాదాలు సార్. రోడ్డు మీద వాహనాల కింద పడి చచ్చిన ఉడుములు, పాములు కనిపిస్తుంటాయి. వాటిని కోయొచ్చా?

పాతపుటలు:
అనుమతి లేకుండా కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. ఉడుము మొదటి షెడ్యూల్‌లో ఉంది. పరిశోధనకు 12వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి. 2022 సవరణ తర్వాత షెడ్యూళ్లు నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత షెడ్యూల్ నంబర్లతో దరఖాస్తు రాస్తే తిరిగొస్తుంది. తినడానికి అమ్మే మార్కెట్ చేపకు ఈ గొడవ లేదు.

కొత్త జాతి దొరికితే జీవవైవిధ్య చట్టం 2002 కింద నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో ఇవ్వాలి, అది కూడా 39వ సెక్షనే, కాకతాళీయం. జంతువులకు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, వాళ్ల మంచినీటి కేంద్రం మన అత్తాపూర్‌లోనే ఉంది.

నత్తగుల్ల:
మార్కెట్ చేప అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. రాంనగర్ మార్కెట్లో కొన్న బొచ్చె గండిపేటదో, కొల్లేరు పక్కనున్న కైకలూరు నుంచి లారీలో వచ్చిందో చూసి చెప్పలేం. పేపర్లో 'స్థలం: హైదరాబాద్' అని పడిపోతే, కొల్లేరు పురుగు హైదరాబాద్ జాబితాలో చేరిపోతుంది. చెరువు పురుగు కావాలంటే చెరువు గట్టున వల లాగేటప్పుడే ఉండాలి. మార్కెట్ చేపను ఎక్కడిదో తెలియనిదిగానే రాయండి.

చేప గుర్తింపు కూడా అంతే ముఖ్యం. 'మార్పు' అనే పేరుతో అమ్మే చేప నాటు మార్పు చేపే కావచ్చు, నిషేధంలో ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కావచ్చు. పాత పేపర్లలో క్లేరియస్ బట్రాకస్ అన్నదాన్ని ఇప్పుడు మన దేశానికి క్లేరియస్ మాగుర్ అంటున్నారు. ప్రతి చేపకూ పక్క నుంచి, తల పై నుంచి ఒక్కో ఫోటో తీసి, రెక్క ముక్క ఒకటి ఆల్కహాల్లో వేసుకోండి.

ఇక నత్తల మాట, జలగల పిల్ల దశలు పెరిగేది వాటిలోనే. ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్, అదే చెరువు అంచున చదునుగా చుట్టుకున్న గోధుమ రంగు నత్త. ఒక్కొక్కదాన్ని విడివిడిగా చిన్న గాజు కప్పులో, క్లోరిన్ పోయిన 20 మి.లీ. నీళ్లలో, ఉదయం వెలుతురులో పెట్టండి. నల్ల కాగితం వెనక పెట్టి చూస్తే తెల్ల నలుసులు ఈదుతుంటాయి, అవే సెర్కేరియాలు, అంటే నత్తలోంచి బయటికొచ్చే జలగ పిల్లలు. తోక చీలినవి కనిపిస్తే గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పశువుల షిస్టోసోమా స్పిండేల్ ఈ నత్తలోంచే వస్తుంది. మనిషిలో పెరగదు గానీ చర్మంలోకి దూరి దద్దుర్లు, దురద తెస్తుంది. ఒక్క రోజు చూసి వదిలేయొద్దు, ఈ రోజు వదలని నత్త రేపు వదలొచ్చు.

జన్యుపేజీ:
డీఎన్ఏ బయట ఇచ్చేటప్పుడు మూడు చెప్పాలి. ఆల్కహాల్‌ను మొదటి రోజు తర్వాత ఒకసారి మార్చండి, పురుగు ఒంట్లోని నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. తర్వాత మైనస్ 20లో. హ్యాండ్ శానిటైజర్, రంగు కలిపిన స్పిరిట్ వాడొద్దు.

జాతిని గుర్తించడానికి చదివే సీఓఐ జన్యువుకు చేపల్లో వాడే మామూలు ప్రైమర్లు (ఆ జన్యువును పట్టి కాపీ చేయించే చిన్న డీఎన్ఏ తునకలు) చదును పురుగుల్లో తరచూ పనిచేయవు. 28ఎస్ అనే డీఎన్ఏ భాగం ముందు అడగండి, జాతుల మధ్య సన్నటి తేడాకు ఐటీఎస్-2 అనే భాగం గానీ, ఈ గుంపు కోసమే చేసిన సీఓఐ ప్రైమర్లు గానీ. సీఓఐ సీక్వెన్స్ వచ్చాక ప్రోటీన్‌గా మార్చేటప్పుడు జన్యు సంకేత పట్టిక 9 ఎంచుకోండి. వెన్నెముక జీవుల పట్టిక పెడితే మధ్యమధ్యలో స్టాప్ సంకేతాలు వచ్చి, సీక్వెన్స్ చెడిపోయిందని పారేస్తారు.

ముక్క తీసిన పురుగు మిగతా భాగానికి రంగు వేసి స్లైడ్‌గా దాచడం తప్పనిసరి. సీక్వెన్స్ నంబరూ స్లైడ్ నంబరూ ఒకే పురుగువి కావాలి. పురుగు మొత్తం నలిపి డీఎన్ఏ తీస్తే, రేపు ఎవరైనా 'ఇది అది కాదు' అన్నప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

అద్దంపలక:
రంగు వేయడం గురించి కూడా చెప్పండి. ఎసిటోకార్మైన్ బాగానే ఎక్కుతుంది, కానీ జైలీన్‌లోకి వెళ్లగానే పురుగు చుట్టూ పాలు పోసినట్టు తెల్లగా అవుతోంది.

కార్మైన్ ఎరుపు:
నీళ్లు పోలేదని అర్థం. వర్షాకాలంలో హైదరాబాద్‌లో మూత తీసిన అబ్సల్యూట్ ఆల్కహాల్ గాలిలోని తేమ పీల్చేస్తుంది, సీసా మీద ఎంత రాసినా సరే. చిన్న గిన్నెలో కొంచెం పోసి, వేడిచేసి తెల్లబడ్డ మైలుతుత్తం చిటికెడు వేయండి. నీలంగా మారితే అందులో నీళ్లున్నాయి. పురుగును వెనక్కి తెచ్చి, కొత్త సీసా ఆల్కహాల్లో రెండుసార్లు పదేసి నిమిషాలు పెట్టండి, తెలుపు పోతుంది. లేదా జైలీన్ మానేసి లవంగనూనె వాడండి, 95 శాతం ఆల్కహాల్ నుంచే నేరుగా వెళ్లొచ్చు. ఎక్కువసేపు ఉంచితే మాత్రం పురుగు అప్పడంలా పెళుసెక్కుతుంది.

రంగు గురించి: 2 మిల్లీమీటర్ల జలగకు పలచన కార్మైన్లో అరగంట చాలు, పెద్దదాన్ని రాత్రంతా ఉంచొచ్చు. ఎక్కువే ఎక్కనివ్వండి. తర్వాత 70 శాతం ఆల్కహాల్లో 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి మైక్రోస్కోపు కిందే చూస్తూ దించండి. ముందు ఒంటి అంచులు పాలిపోతాయి. టెస్టిస్, ఓవరీ ఇంకా ఎర్రగా ఉండి మధ్య కండ గులాబీ రంగుకు దిగగానే తీసి, ఆమ్లం లేని 70 శాతంలో రెండుసార్లు కడగండి. ఫోన్ మోగిందని ఒక్క నిమిషం పక్కకి వెళ్తే ఓవరీ కూడా తెల్లబడుతుంది. ఆమ్లం సరిగ్గా కడగకపోతే ఏడాదిలో స్లైడ్ రంగు వెలిసిపోతుంది.

చెరువుగట్టు:
అందరి మాటలూ కలిపి ఇలా మార్చాం: గట్టు మీద పట్టిన కొర్రమట్ట, బొచ్చె చెరువుకు 29 చొప్పున, వాలుగ మార్కెట్ పేగులు వేరే ఫైల్‌లో, నత్తలు నెలకోసారి, పెంటికలు అడుక్కి దింపే పద్ధతిలో. కప్పలు అనుమతి వచ్చాకే. చివరగా రెండు చిన్న సందేహాలు. ట్యూబ్ లేబుల్ దేనితో రాయాలి? స్లైడ్ మీద కవర్ స్లిప్ అంటించే కెనడా బాల్సం జిగురు ఎన్ని రోజులకు ఆరుతుంది?

మొప్పలగిన్నె:
పెన్సిల్‌తో. మందపాటి కాగితం ముక్క మీద రాసి ట్యూబ్ లోపలే వేయండి. బాల్‌పెన్ ఇంకు ఆల్కహాల్లో ఒక్క రాత్రిలో కరిగి, ట్యూబంతా నీలమవుతుంది.

కార్మైన్ ఎరుపు:
40 డిగ్రీల ఓవెన్లో అయితే కొన్ని వారాలు, బయట అయితే నెలలు. ఆరేదాకా స్లైడ్లు పడుకోబెట్టే ఉంచండి. పెట్టెలో నిలబెట్టారంటే పురుగు మెల్లగా జారి కవర్ స్లిప్ అంచుకు చేరుతుంది.